ప్రిన్స్‌టన్ యుద్ధభూమిలో గడ్డి తప్ప ఏమీ లేదా? ఉంది!

న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ యుద్ధభూమి పార్కుకు తీసుకెళ్తే, ఇండియా నుంచి వచ్చిన మీ నాన్నగారు "ఇంత దూరం వచ్చింది పచ్చిక చూడటానికా?" అన్నారని రాశారు. చదివి నవ్వుకున్నాను, మొదటిసారి నాదీ అదే పరిస్థితి. మెర్సర్ రోడ్డు ఆ పార్కును రెండు ముక్కలు చేస్తుంది. మీరు వరుసగా నిలబడ్డ పెద్ద స్తంభాలున్న వైపు మాత్రమే చూసి తిరిగి వచ్చేసినట్టున్నారు.

ఈసారి రోడ్డుకు అవతల ఉన్న క్లార్క్ ఇంటి దగ్గర మొదలుపెట్టండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో భాగంగా 1777 జనవరి 3న బ్రిటిష్ సైన్యంతో ఇక్కడ జరిగిన పోరులో బయొనెట్ (తుపాకీ కొనకు బిగించే కత్తి) పోట్లు తిన్న అమెరికన్ జనరల్ మెర్సర్ తొమ్మిది రోజుల తర్వాత ఆ ఇంట్లోనే కన్నుమూశారు. మైదానంలో కంచె మధ్య ఓక్ చెట్టు ఉంటుంది. ఆయన పేరు మోసిన పాత చెట్టు 2000లో కూలిపోయింది, ఇది దాని గింజ నుంచి మొలిచిన పిల్ల. చెదిరిపోతున్న సైనికులను కూడగట్టడానికి అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ స్వయంగా గుర్రం మీద ముందుకు దూకింది ఈ పొలాల్లోనే. నాన్నగారికి ఈ కథ అక్కడ నిలబడే చెప్పండి.

ఇక ఆ స్తంభాలకూ యుద్ధానికీ సంబంధం లేదు, ఫిలడెల్ఫియాలోని ఒక పాత భవనానివి. అసలు చూడాల్సింది వాటి వెనక: 21 మంది బ్రిటిష్, 15 మంది అమెరికన్ సైనికుల ఉమ్మడి సమాధి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పెద్దవాళ్ల చేయి పట్టుకోండి, కార్లు వేగంగా వస్తాయి.