పాత కారు స్టార్ట్ కాకపోతే ముందు పర్సు తీయకండి

కొత్త దేశంలో ఉద్యోగంలో చేరి, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో పాత కారు కొన్నానని, అది ఇప్పుడు సెల్ఫ్ తీసుకోవడం లేదని, మెకానిక్ చూడగానే ఇంజన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటారు మార్చాలన్నాడని, ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు. ఇప్పుడే ఒప్పుకోవద్దు. మోటారు నిజంగానే పోయి ఉండవచ్చు కానీ, అది పోయిందని అతను ఎలా నిర్ధారించాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అడిగినట్లు కూడా లేదు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను వచ్చిన తొలి చలికాలంలో నా పాత కారు తాళం తిప్పితే ఒక్కసారి టక్‌మని ఊరుకునేది. సెల్ఫ్ మోటారు అన్నారు, మార్పించాను. ఆ నెల ఇంటికి పంపవలసిన డబ్బంతా దానికే పోయింది. కొద్ది రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే టక్. ఈసారి బ్యాటరీ అన్నారు, అదీ కొన్నాను. ఆ తరువాత ఇగ్నిషన్ స్విచ్ అన్నారు. అప్పటికి ఇంటికి ఫోన్ చేసి ఈ నెల కూడా తక్కువే పంపుతానని చెప్పవలసి వచ్చింది. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మీకు వేరే వివరించనక్కరలేదు.

చివరికి మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన వోల్టులు కొలిచే మల్టీమీటరు తెచ్చి, దాని ఒక తీగను బ్యాటరీ నెగటివ్ కొస మీద, రెండో తీగను ఇంజన్ మీద రంగు లేని ఇనుము దగ్గర ఆనించి, నన్ను తాళం తిప్పమన్నారు. దాదాపు సున్నా చూపించాల్సిన చోట మీటరు రెండు వోల్టులు దాటింది. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ కేబుల్ పైకి చూస్తే నిగనిగలాడుతూనే ఉంది. బోల్టు విప్పి చూస్తే మాత్రం, లోపలి రాగి పోగులు పచ్చటి పొడిగా మారి, వేలితో తాకితే రాలిపోయాయి. కరెంటు మోటారు దాకా పోయినా తిరిగివచ్చే దారి లేదు. కొత్త కేబుల్‌కు అయిన ఖర్చు, అంతకుముందు నేను పెట్టినదాని పక్కన లెక్కలోకే రాదు. ఆ మీటరు లాంటిదే ఒకటి కొనుక్కున్నాను, ఇప్పటికీ కారులోనే ఉంటుంది. ఆ తరువాత ఏ కారుకైనా పరీక్ష లేకుండా భాగం మార్పించలేదు.

మీరు కూడా ముందు చెవి పెట్టి వినండి. తాళం తిప్పగానే టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీ బలహీనపడిందని, లేదా దాని టెర్మినళ్లు సరిగా పట్టుకోలేదని అనుమానించాలి. ఒక్క టక్ మాత్రమే వస్తే సెల్ఫ్ మోటారు, దానికి కరెంటు కలిపే సోలినాయిడ్ అనే స్విచ్, లేదా నా కారులో జరిగినట్లు కేబుల్ కావచ్చు. అసలు చప్పుడే లేకపోతే, ఆటోమేటిక్ కారులో గేరును పార్క్ నుంచి న్యూట్రల్‌కు మార్చి తిప్పి చూడండి. అప్పుడు అందుకుంటే లోపం గేరు దగ్గరి చిన్న స్విచ్‌లోనో దాని అమరికలోనో ఉంటుంది. గేర్లు మార్చుకునే కారైతే క్లచ్ పూర్తిగా తొక్కారో లేదో చూసుకోండి.

తరువాత మీటరు. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 దగ్గర ఉంటే సగానికి పడిపోయినట్లు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే బాగా కిందికి జారితే, బ్యాటరీని చార్జ్ చేసి మళ్లీ పరీక్షించాలి. చలి ప్రాంతాలలో దీన్ని మరీ తేలికగా తీసుకోకండి. బ్యాటరీ మీద సీసీఏ అని రాసి ఉండే అంకె, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెబుతుంది. ధర తక్కువని చిన్న అంకె ఉన్నది కొంటే, వేసవిలో కనిపించని లోటు గడ్డకట్టే ఉదయాన బయటపడుతుంది. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే నెగటివ్‌ను ముందు విప్పి, వంటసోడా కలిపిన నీటితో శుభ్రంగా తోమి, ఆరాక పాజిటివ్‌ను ముందు బిగించండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి.

ఇంజన్ గిరగిరా తిరుగుతూ అందుకోకపోవడం పూర్తిగా వేరే సంగతి. అక్కడ సెల్ఫ్ మోటారు మార్చడమంటే డబ్బు కాల్వలో పోయడమే. పెట్రోలు కారైతే తాళాన్ని స్టార్ట్ దాకా కాకుండా ఆన్ దగ్గర ఆపి, వెనుక సీటు వైపు చెవి పెట్టండి. చాలా కార్లలో ఇంధన పంపు రెండు సెకన్ల పాటు సన్నగా గుర్రుమంటుంది. ఆ శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, పంపుకు కరెంటు కలిపే రిలే చూడాలి, ఆ తరువాతే పంపు. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం మిణుకుతూనే ఉంటే కారు మీ తాళాన్ని గుర్తించడం లేదేమో. రెండో తాళం ప్రయత్నించండి. ఇంజన్ ఎప్పటికన్నా వేగంగా, అడ్డేమీ లేనట్లు తిరుగుతుంటే ఇంజన్ వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. అప్పుడు వెంటనే ఆపేయండి, ఇంకా తిప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

ఇన్సూరెన్సు, వాహన తనిఖీ, దారిలో సహాయం వంటి వాటి నిబంధనలు మీరున్న చోటి ప్రభుత్వ వెబ్‌సైట్లో, మీ పాలసీలో ఉంటాయి, చదువుకోండి.

మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు, సెల్ఫ్ కొడుతున్న సమయంలో మోటారు దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయి, ఎర్త్ కేబుల్ వైపు ఎన్ని వోల్టులు నష్టపోతున్నాయి అని అడగండి. ఎర్త్ వైపు అర వోల్టు దాటితే ముందు కేబుల్ సంగతి చూడమనండి. భాషకు మొహమాటపడకండి, ఈ రెండు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకువెళ్లినా తప్పులేదు. పని ఒప్పుకుంటే అంచనా రాతపూర్వకంగా తీసుకుని, తీసిన పాత భాగం మీకే ఇవ్వమని పని మొదలుకాక ముందే చెప్పండి. కారు స్టార్ట్ అయ్యాక, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెట్టండి. 13.7 నుంచి 14.7 వోల్టుల మధ్య లేకపోతే, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను కూడా పరీక్షించాకే బిల్లు కట్టండి.