రెండు వాక్యాలు రెండు వైపులకు లాగుతుంటే దేవుని చిత్తం ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. వేరే ఊళ్ళో మంచి జీతంతో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ అమ్మగారికి ఒంట్లో బాగుండడం లేదు, సంఘంలో సండే స్కూల్ బాధ్యత కూడా మీ మీదే ఉంది. ఉపవాసముండి ప్రార్థన చేసి బైబిల్ తెరిస్తే ఆదికాండం 12:1 వచ్చింది, అబ్రామును లేచి బయలుదేరమన్న మాట. మర్నాడు తెరిస్తే కీర్తన 46:10, "ఊరకుండుడి" అని. ఒక్కరోజులో దేవుడు మనసు మార్చుకున్నాడా అని అడిగారు. శుక్రవారంలోగా కంపెనీకి జవాబు చెప్పాలి.

మార్చుకోలేదండీ. ఆ రెండు వాక్యాల్లో ఏదీ మీ ఆఫర్ లెటర్ గురించి చెప్పింది కాదు, అంతే. మొదటిది అబ్రాముకు చెప్పిన మాట. రెండోదానికి ముందు వచనం చదవండి, యుద్ధాలు మాన్పి, విల్లు విరిచి, బల్లెం తెగనరికే దేవుడు కనిపిస్తాడు. ఆ వెంటనే వచ్చే "ఊరకుండుడి"ని ఉద్యోగానికి అంటగట్టడం కష్టం.

తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీన్‌కు అలాగే జరిగింది కదా అని మీరు అనొచ్చు. నిజమే, 386లో మిలాన్‌లో ఒక తోటలో ఏడుస్తుంటే "తీసి చదువు" అన్న గొంతు ఆయనకు వినబడింది. పుస్తకం తెరిస్తే రోమా 13:13-14 కనబడింది. అయితే ఆ వాక్యం ఆయనకు ఏ ఊరికి వెళ్ళాలో చెప్పలేదు. తప్పని తనకు ఎప్పట్నుంచో తెలిసిన బతుకును వదిలేయమంది. అలాంటి విషయంలో ఏ పేజీ తెరిచినా దాదాపు అదే జవాబు వస్తుంది.

నా సంగతి చెప్తాను. నాది లెక్కల పని. కొన్నేళ్ళ క్రితం ఒక క్రైస్తవ సేవా సంస్థ వాళ్ళు వచ్చి అకౌంట్స్ చూసుకోమని అడిగారు. జీతం తక్కువ. జీతం తక్కువైతే అది తప్పకుండా దేవుని పిలుపే అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది, గమనించారా? ప్రార్థన గుంపులో ఒక ఆంటీ నన్ను కలలో చూశానని, అది సేవకు పిలుపేనని చెప్పారు. పాత ఆఫీసులో అడగ్గానే రిలీవ్ చేస్తామన్నారు. తలుపులన్నీ తెరుచుకున్నట్టే ఉంది. నాకు మనసులో సమాధానం, అంటే ప్రశాంతత కూడా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

సంతకం పెట్టే ముందు ఒకసారి వాళ్ళ ఆఫీసు చూసొద్దామని వెళ్ళాను. టేబుల్ మీద రసీదు పుస్తకాలున్నాయి. చేతికందినదాన్ని తిరగేశాను. కొన్ని పేజీలకు నంబర్లే లేవు, కొన్నిచోట్ల కౌంటర్‌ఫాయిల్ ఖాళీగా ఉంది. "ఆడిట్ ఎవరు చేస్తారండీ?" అని మామూలుగానే అడిగాను. అక్కడి పెద్దాయన నవ్వి, "మనం దేవుడికి లెక్క చెప్పేవాళ్ళం బ్రదర్, మళ్ళీ మనుషులకెందుకు?" అన్నారు.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుంటే అడగడానికి ఏమీ మిగల్లేదు. యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8లో ఉంది. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. ప్రభువు ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా మా పని సరిగా ఉండాలని చూసుకుంటున్నాం అని రాశాడు. నేను సూచన కోసం ఎదురుచూస్తున్న విషయంలో మాట ఎప్పుడో వచ్చేసి ఉంది. మర్నాడు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఆ ఆంటీ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

అందుకే నేననేది, ప్రార్థన ఒక్కటే చేసి, అడగాల్సిన మనుషుల్ని అడగకుండా కూర్చుంటే, దేవుడు చూపిస్తున్న దాన్ని చూడకుండా కళ్ళు మూసుకున్నట్టే. జ్ఞానం కొదువైతే అడగండి, ఇస్తాడు అని యాకోబు 1:5లో ఉంది. ఆ జ్ఞానం చాలాసార్లు ఒక మామూలు ప్రశ్నకు వచ్చిన మామూలు జవాబులోనే దొరుకుతుంది.

"తలుపు తెరుచుకుంది కాబట్టి దేవుని చిత్తమే" అనే మాటను కూడా నేను పెద్దగా నమ్మను. యోనాను చూడండి. యొప్పేకు వెళ్ళేసరికి తర్షీషుకు పోయే ఓడ సిద్ధంగా ఉంది, కేవు (ఓడ ప్రయాణ ఛార్జీ) ఇవ్వడానికి చేతిలో డబ్బూ ఉంది. దేవుని నుంచి పారిపోయేవాడికి అన్నీ ఎంత బాగా కుదిరాయో! ఏన్గెదీ గుహలో, దావీదును చంపాలని వెతుకుతున్న సౌలు రాజు తనంతట తానే దావీదు చేతికి చిక్కాడు, యెహోవా చెప్పిన రోజు ఇదేనని పక్కనున్నవాళ్ళూ అన్నారు. అయినా దావీదు అతన్ని చంపలేదు. త్రోయలో పౌలుకు సువార్త కోసమే తలుపు తెరుచుకుంది. తన తోటి పనివాడు తీతు కనబడలేదని మనసు నిలవక అక్కడినుంచి మాసిదోనియకు వెళ్ళిపోయాడు (2 కొరింథీ 2:12-13). అదేదో పాపం చేసినట్టు ఆయన రాయలేదు.

మనసులో సమాధానం సంగతి ఇంకా చిక్కు. గెత్సేమనేలో యేసు తండ్రి చిత్తానికి తలవంచిన క్షణాన ఆయనకున్నది వేదన. అటు యోనా ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు. టెన్షన్ ఉంటే చిత్తం కాదని, లేకపోతే చిత్తమేనని చెప్పడానికి వీల్లేదు. ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చింది జెసూట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ చెప్పిన సలహా. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచానపడినప్పుడు, ఏ ఆలోచన తర్వాత మనసు తేటగా ఉంటోంది, ఏది కాసేపు ఊరించి ఎండగట్టి పోతోంది అని ఆయన గమనించుకున్నాడు. ఆత్మ కుంగి ఉన్నప్పుడు, అంతకుముందు తేటగా ఉన్నప్పుడు చేసిన నిర్ణయాన్ని మార్చొద్దు అన్నాడు. మీరు రాత్రి పన్నెండింటికి "వద్దు" అని రాసి తుడిచేస్తున్నానన్నారు చూడండి, ఆ వేళ నిర్ణయాలకు పనికిరాదు.

ఇక మీ విషయం. సండే స్కూల్ సంగతి నాకంత బరువుగా అనిపించడం లేదు. ఇంకొకరికి నేర్పి అప్పగించవచ్చు, మీరు లేకపోతే ఆగిపోయే పని అయితే మీరున్నా అది బాగా నడవడం లేదనే అర్థం. అమ్మగారి విషయం మాత్రం అలా తేల్చలేం. మార్కు 7లో యేసు కొర్బాను మాట ఎత్తింది, దేవునికి అర్పించానన్న వంకతో తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్ళ గురించే. ఆమెను చూసుకోవడం దేవుని చిత్తమా అని సూచన అడగనక్కర్లేదు. ఎలా చూసుకోవాలన్నదే ప్రశ్న. ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఆమె మీతో వచ్చి ఉండగలరా? పెరిగే జీతంతో తోడుగా ఒక మనిషిని పెట్టడం కుదురుతుందా? కంపెనీవాళ్ళు నెలలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేయనిస్తారా?

ఇవన్నీ అడిగాక కూడా రెండు దారులూ సరైనవే అని తేలొచ్చు. అప్పుడు మీకు నచ్చింది ఎంచుకోండి. పెళ్ళంత పెద్ద విషయంలోనే భర్త చనిపోయిన స్త్రీ తనకిష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, అతడు ప్రభువులో ఉన్నవాడైతే చాలు అని పౌలు రాశాడు (1 కొరింథీ 7:39). వెళ్ళాక కష్టాలొస్తే "తప్పుదారి పట్టాను" అని కుమిలిపోకండి. దర్శనం చూసి మాసిదోనియకు వెళ్ళిన పౌలు, సీలలు ఫిలిప్పీలో దెబ్బలు తిని జైల్లో పడ్డారు.

శుక్రవారానికి సరిపోకపోతే కంపెనీని ఇంకో వారం గడువు అడగండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోయినా ఈ రెండు రోజులు ఉన్నాయి కదా. పాస్టర్ గారు ఏమన్నారో, స్నేహితులు ఏమన్నారో, బైబిల్ ఏ పేజీ తెరుచుకుందో అన్నీ రాశారు. అమ్మగారు ఏమన్నారో మాత్రం మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. ముందు ఆమెను అడగండి.