24 రాత్రి మాత్రం వద్దు

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో, న్యూరెంబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. 24 రాత్రి పాతకాలపు జర్మన్ హోటల్లో భోంచేద్దాం అంటున్నాడు. మావారు అన్నీ తింటారు, నేను గుడ్డు వరకే. అక్కడ నాకేమైనా దొరుకుతుందా, రొట్టె కొరుక్కుంటూ కూర్చోవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దొరుకుతుందండీ. ముందు ఆ తారీఖు మార్పించండి. కొత్తగా ఆ ఊరెళ్లిన ఏడు నేనూ మావారూ 24 సాయంత్రం ముస్తాబై బయల్దేరాం. మధ్యాహ్నానికే క్రిస్మస్ సంత ఎత్తేశారు, కొట్లు కట్టేశారు. కిటికీల్లో దీపాలు, హోటళ్లకు తాళాలు! ఆ రాత్రి వాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. చాలా ఇళ్లలో సాసేజీలూ బంగాళాదుంప సలాడూ, అంతే. మేం తిరిగొచ్చి చారన్నం తిన్నాం. 25, 26 రెండూ సెలవులే అయినా మధ్యాహ్నం భోజనం పెట్టే హోటళ్లుంటాయి. బల్ల మాత్రం నవంబరులోనే చెప్పి ఉంచమనండి.

లోపల చెక్క గోడలు, పొట్టి కప్పు, వెచ్చగా హాయిగా ఉంటుంది. ఖాళీగా ఉంది కదాని మూల బల్ల దగ్గర కూర్చోకండి. దానిమీద ‘స్టామ్‌టిష్’ అని పలకుంటే అది ఎప్పుడూ వచ్చే పాత ఖాతాదార్లది. నేను కూర్చున్నాను. వడ్డించే ఆవిడ ఒక్క మాటనలేదు. పలకను నావైపు తిప్పి పోయింది.

మీవారికి ‘గాన్స్’ చెప్పండి: కాల్చిన పెద్దబాతు, ఎర్ర క్యాబేజీ, ‘క్లోస్’. క్లోస్ అంటే బంగాళాదుంప తురుముతో చేసిన ఉండ, మన ఉండ్రాళ్లకు పెద్దన్న. కోస్తే మధ్యలో వేయించిన రొట్టె ముక్కలుంటాయి. మీకు ‘కేజెష్పెట్స్‌లె’. గుడ్డు కలిపిన పిండి తునకలు, కరిగిన చీజ్, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయ. కడుపు నిండిపోతుంది.

అసలు చిక్కంతా కూరగాయలతోనే. మనకు క్యాబేజీ అంటే క్యాబేజీయే. అక్కడ ఎర్ర క్యాబేజీని బాతుకొవ్వులోనో పందికొవ్వులోనో వండడం మామూలు. ఆ ప్రాంతపు బంగాళాదుంప సలాడ్‌లో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. దుంప వేపుడులో ‘ష్పెక్’, అంటే పందిమాంసం ముక్కలు, తొంగిచూస్తుంటాయి. మాంసం లేదు కదా అని ఊరుకోకుండా ‘ఓనె ష్పెక్, ఓనె ష్మాల్ట్స్’, అంటే ష్పెక్కూ కొవ్వూ లేకుండా అని, అబ్బాయి చేత గట్టిగా చెప్పించండి.

నాలుక చప్పబడితే ‘మేరెట్టిష్’ అడగండి. తెల్లటి దుంప తురుము. కారం నాలుకను వదిలేసి నేరుగా ముక్కులోకెక్కుతుంది, ఆవపిండి ఎక్కువైన ఆవపెట్టిన కూరలా. నాకైతే అక్కడ పదేళ్లూ అదే ఆవకాయ.

మంచినీళ్లంటే సీసా వస్తుంది, సోడా నీళ్లతో, బిల్లుతో. మామూలు నీళ్లకు ‘ష్టిల్’ అనాలి. గ్లూవైన్ అంటే మసాలా వేసి వేడిచేసిన వైన్, మత్తుంటుంది. వద్దనుకుంటే కిండర్‌పున్ష్, అంటే మత్తులేని వేడి పళ్లరసం, తాగండి. టిప్పు బల్లమీద వదిలి రావద్దు: బిల్లు 46 యూరోలైతే డబ్బిచ్చేటప్పుడే ‘50’ అనేస్తే సరి. కార్డు తీసుకోనివాళ్లూ ఉంటారు, నోట్లు దగ్గరుంచుకోండి.

చివర్లో ‘ఆప్ఫెల్‌క్యుష్లె’ ఉందేమో చూడండి. యాపిల్ చక్రాలను పిండిలో ముంచి నూనెలో వేయించి, వెనిలా సాస్‌తో ఇస్తారు. మావారు దానికి యాపిల్ బజ్జీ అని పేరు పెట్టారు. ముగ్గురికీ ఒకటి చాలని మాత్రం అనకండి, ఎవరిది వాళ్లకే చెప్పుకోండి.