తీగలతో మాట: ఒక్క స్వరం మీద అంతసేపా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వస్తే చాలు, బి.బి. కింగ్ అనే అమెరికా బ్లూస్ గిటారిస్టు పాటలే. నేనూ కూర్చుని విన్నాను. వేగం లేదు, ఒకే స్వరాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టుంది. ఇందులో గొప్పేముంది?
– ఒక తండ్రి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మీరు సరిగ్గానే విన్నారండీ. వేగం లేదు. కార్డ్స్ (అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి పలికించడం) వాయించడం తనకు బాగా రాదని ఆయనే చెప్పుకునేవారు. పాడేటప్పుడు గిటారు ఆపేసేవారు, గిటారు అందుకుంటే పాట ఆపేసేవారు. బైరాగిపట్టెడలో నా దగ్గరకొచ్చే పిల్లలు ఇలా చేస్తే తల్లిదండ్రులు ఫీజు వెనక్కి అడుగుతారు.

ఆ వేలాడటానికి మాత్రం ఒక కథ ఉంది. ఆయన 1925లో మిసిసిపీలో పుట్టారు. అసలు పేరు రైలీ కింగ్. పత్తి చేలలో ట్రాక్టరు నడిపేవారు. 1946లో ఒకరోజు దాని పొగగొట్టం విరగ్గొట్టి, యజమానికి భయపడి గిటారుతో సహా మెంఫిస్ పారిపోయారు. అక్కడ ఆశ్రయమిచ్చింది తల్లి తరఫు బంధువు బుక్కా వైట్. ఆయన వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జారుస్తూ వాయించేవారు, మన గోటువాద్యం పద్ధతిలో. కింగ్‌కు ఆ విద్య పట్టుబడలేదు. ఆ నాదం మీద మోజు మాత్రం వదల్లేదు. అందుకని వేలితో తీగను నొక్కిపెట్టి, బొటనవేలిని గిటారు మెడ మీంచి తీసేసి, మణికట్టును వణికించడం సాధన చేశారు. మీకు వినిపిస్తున్నది అదే.

మీవాణ్ణి ఒక్క స్వరం మీటి, అది ఆరిపోయేదాకా వణికించమనండి. మధ్యలో వణుకు తడబడకూడదు, శ్రుతి పక్కకు పోకూడదు. తీగను మెట్టు మీదే పక్కకు లాగి గమకం పలికించే వైణికులకు ఈ కష్టం తెలుసు. మా వీధిలో వీణ నేర్పే ఒక పెద్దావిడకు, కింగ్ 1969లో రికార్డు చేసిన ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ ఫోనులో వినిపించాను. కళ్లు మూసుకుని కాసేపు విని, “ఈయన ఎడమ చేయి చూపించు నాయనా” అన్నారు. పాట దేని గురించని అడగనేలేదు.

ఇంకో సంగతి. 1956లో ఆయన 342 కచేరీలు చేశారు. మాఘమాసం ముహూర్తాలకు ఆర్కెస్ట్రాలో రాత్రులు వాయించినవాణ్ణి కదా, ఆ అంకె చదవగానే నాకు నడుము నొప్పి గుర్తొచ్చింది.

ప్రశ్న: ఆయన గిటారు పేరు లూసిల్ అట. ప్రేయసి పేరా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: కాదమ్మా, ఆవిడను ఆయన కలవనే లేదు. 1949 చలికాలంలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ట్విస్ట్ అనే ఊళ్లో కచేరీ. వెచ్చదనానికి హాలు మధ్య పీపాలో కిరోసిన్ మండిస్తున్నారు. ఇద్దరు మగవాళ్లు కొట్లాడుకుంటూ దాని మీద పడ్డారు. హాలంతా అంటుకుంది. బయటపడ్డ కింగ్ గిటారు కోసం మళ్లీ లోపలికి దూకారు. ఆ మంటల్లో ఇద్దరు చనిపోయారు. గొడవంతా లూసిల్ అనే అమ్మాయి గురించని మర్నాడు తెలిసింది. ఇంకెప్పుడూ అలాంటి పిచ్చిపని చేయకూడదని గిటారుకు ఆ పేరు పెట్టుకున్నారు. తర్వాత ఎన్ని గిటార్లు మారినా అన్నీ లూసిళ్లే.

గిబ్సన్ కంపెనీ 1980లో ఆ పేరుతోనే ఒక నమూనా తెచ్చింది. దానికి పైచెక్కలో రంధ్రాలు ఉండవు. స్పీకరు మోత రంధ్రాల్లోంచి దూరి కూత పెట్టకుండా కింగ్ అంతకుముందు వాటిలో గుడ్డలు కుక్కేవారు. గంగమ్మ జాతర వేదికల మీద ఆ కూతతో వేగినవాణ్ణి, ఆ గుడ్డల విలువ నాకు బాగా తెలుసు.

ప్రశ్న: ముందుగా ఏది వినాలి? ఆయన జ్ఞాపకంగా ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: కింగ్ 2015 మే 14న పోయారు. మిసిసిపీలోని ఇండియనోలా ఊళ్లో ఆయన కుర్రతనంలో పనిచేసిన పత్తి మిల్లు భవనాన్ని కలుపుకుని 2008లో మ్యూజియం తెరిచారు. సమాధి కూడా అక్కడే. వినడానికైతే ‘లైవ్ ఎట్ ద రీగల్’తో మొదలుపెట్టండి. 1964 నవంబరులో షికాగోలో జరిగిన కచేరీ అది. గిటారుతో పాటు జనం కేకలనూ గమనించండి. ఆయన పరుగులు తీసినప్పుడు కన్నా, ఒక స్వరాన్ని లాగి పట్టి ఆపినప్పుడే హాలు గోలెత్తుతుంది.