కాలి ధమనిలో గడ్డ కడితే గొట్టంతో మందు: రాత్రంతా ఎందుకు ఉంచుతారు?

మీ నాన్నగారి కాలి ధమని రక్తపు గడ్డతో హఠాత్తుగా మూసుకుపోయిందని, గొట్టం వేసి రాత్రంతా ఐసీయూలో గడ్డను కరిగించే మందు ఎక్కిస్తామన్నారని, గడ్డను అప్పటికప్పుడే ఎందుకు తీసెయ్యరని అడిగారు.

గడ్డ ఎంత పెద్దదన్నది కాదు, పాదం ఎంతసేపు తట్టుకోగలదన్నది ముఖ్యం. తిమ్మిరి వేళ్ల వరకే ఉండి, పాదం బాగానే ఆడుతుంటే మందు పనిచేసేదాకా ఆగొచ్చు. తిమ్మిరి పైకి పాకి, వేళ్లు ఆడించలేకపోతుంటే అంత వ్యవధి ఉండదు. అప్పుడు గడ్డను క్యాథెటర్‌తో (సన్నటి గొట్టంతో) పీల్చెయ్యాలి, లేదా గజ్జలో కోసి బెలూన్‌తో లాగెయ్యాలి.

రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ముందే మొదలవుతుంది. తర్వాత సాధారణంగా రెండో కాలి గజ్జలోంచి వెళ్లి గైడ్‌వైర్‌ను (దారి చూపే సన్నటి తీగను) గడ్డలోకి పంపుతారు. అది తేలిగ్గా దూరిందంటే గడ్డ కొత్తది, కరిగే అవకాశం ఎక్కువ. పక్కల చిల్లులున్న క్యాథెటర్‌ను గడ్డ పొడవునా పెట్టాలి. గడ్డకు పైనే ఆగిపోతే మందు పక్క నాళాల్లోకి పోతుంది. గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేజ్ అయితే మామూలుగా గంటకు 0.5 నుంచి 1 మి.గ్రా. మోతాదు పెంచితే రక్తస్రావం భయం, అందుకే ఇంత నిదానం. 12 నుంచి 24 గంటల్లో మళ్లీ యాంజియోగ్రామ్ తీస్తారు.

ఈమధ్య పక్షవాతం వచ్చినా, తలకు ఆపరేషన్ జరిగినా, కడుపులో రక్తం పోయినా ముందే చెప్పండి. దాచొద్దు.

రాత్రి ఆయన గొట్టం ఉన్న కాలు మడవకూడదు. తలనొప్పి, మాట తడబడటం వస్తే వెంటనే నర్సుకు చెప్పాలి, మందు ఆపేసి తలకు సీటీ తీస్తారు. గడ్డ ముక్కలు కిందికి జారినప్పుడు నొప్పి కాసేపు పెరగొచ్చు, కానీ వేళ్ల కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకండి.

చాలామంది ఏమరిచేది రక్తం తిరిగి పారాక. పిక్క రాయిలా గట్టిపడి, బొటనవేలు పైకి వంచగానే ఆయన కేక పెడితే కండరాల్లో ఒత్తిడి పెరిగినట్టే. పాదంలో నాడి దొరుకుతోందని ధీమాపడకండి, నాడి ఉన్నా కండరం చచ్చిపోతుంది. చర్మం, దాని కింది పొర చీల్చి ఒత్తిడి వదిలించాలి. మూత్రం ముదురు టీ రంగులోకి మారినా చెప్పాలి, అది కిడ్నీలకు దెబ్బ.

గడ్డ కరిగాక ధమనిలో ఇరుకు కనిపిస్తే బెలూన్, అవసరమైతే స్టెంట్. గుండె లయ తప్పడం వల్ల గడ్డ వచ్చిందా అని ఈసీజీ, ఎకోతో చూస్తారు. లయే కారణమైతే రక్తం పలచబరిచే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపొద్దు.