తెలంగాణ పెద్ద నగరాల వరుసలో మహబూబ్‌నగర్ ఎందుకంత కింద ఉంది?

ముందు ఆ వరుస ఇదీ. 2011 జనాభా లెక్కల్లో శివార్లతో కలిపి హైదరాబాద్ సుమారు 77 లక్షలు, వరంగల్ 7.6 లక్షలు, నిజామాబాద్ 3.1 లక్షలు. కరీంనగర్, ఖమ్మం, రామగుండం కూడా దాటాక 2.1 లక్షలతో ఏడోది మా మహబూబ్‌నగర్. రాజ్యాంగం ప్రకారం పది లక్షలుంటేనే మహానగర ప్రాంతం. ఆ లెక్కన రాష్ట్రంలో ఉన్నది ఒక్కటే. మొదటిదానికీ రెండోదానికీ పదింతల తేడా ఉంటే దాన్ని వరుస అనడం నాకు నచ్చదు.

మేం వెనకబడడానికి కారణం మనుషులు లేక కాదు. 2011 ఫిబ్రవరిలో టీచరుగా పనిచేసే మా బాబాయికి కోస్గి వైపు ఒక పల్లెలో లెక్కింపు డ్యూటీ పడింది. సంచి మోయడానికి నేనూ వెళ్లాను. వీధిలో సగం ఇళ్లకు తాళాలే. ఒక అవ్వ లోపలికి వెళ్లి రేషన్ కార్డు తెచ్చి బాబాయి ముందు పెట్టింది. "ఇందులో ఆరు పేర్లున్నాయి, నీ కాగితంలో ఒక్కటే రాస్తావెందుకు బిడ్డా?" అంది. కొడుకులూ కోడళ్లూ బొంబాయిలో మట్టి పనికి పోయారు. ఈ నెలాఖరులోగా ఒక్కరోజైనా వస్తారా అని బాబాయి అడిగాడు. దసరాకు వస్తారంది. లెక్కింపు రోజుల్లో ఒక్కసారీ ఇంట్లో లేనివాళ్లను అక్కడ రాయకూడదన్నది నిబంధన. అవ్వ ఒక్కతే నమోదైంది. మేం పక్కింటికి వెళ్లేదాకా ఆమె కార్డు పట్టుకుని గడపలోనే నిలబడింది.

పల్లె వదిలినవాళ్లు మహబూబ్‌నగర్‌లో ఆగినా ఊరు పెరిగేది. ఆగి ఏం చేయాలి? ఇక్కడ బస్సు మారతారు, అంతే. వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంటే ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకునేదెవరు? నల్లగొండదీ ఇదే బాధ. పైగా ఫ్యాక్టరీలున్న షాద్‌నగర్, కొత్తూరు ఒకప్పుడు మా జిల్లావే. 2016లో రంగారెడ్డిలో కలిపేశారు. మాకు మిగిలింది పాలమూరు (మహబూబ్‌నగర్ పాత పేరు) కూలీలన్న పేరు.

2025లో మా మున్సిపాలిటీని కార్పొరేషన్ చేశారు. బోర్డులు మారాయి, నల్లా నీళ్లు వచ్చే వేళ మారలేదు. తర్వాతి లెక్కింపు 2027 ఫిబ్రవరిలోనట. మళ్లీ ఫిబ్రవరే! దసరా వారంలో పెట్టమనండి, ఎవరు ఎన్నో స్థానంలో ఉంటారో అప్పుడు మాట్లాడుకుందాం.