ఏడు, మూడు, మూడు: పదమూడా, పదహారా?

కార్క్

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. సెకండ్ క్లాసు పిల్లలకి ఐరిష్ డ్యాన్సుతో లెక్కల్లో ప్యాటర్న్‌లు చెప్పమన్నారని టెన్షన్ పడుతున్నావు. "పిన్నీ, నాకు కూచిపూడి కూడా రాదే" అన్నావు. నాకు మాత్రం వచ్చా? ఇక్కడ ఐర్లండ్ బడిలో పన్నెండేళ్ళు ఎస్‌ఎన్‌ఏగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహాయకురాలిగా చేసి, పిల్లల పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ముందు నా తప్పు చెబుతాను. పక్కకి ఏడు అడుగులు, తర్వాత ఉన్నచోటే మూడు, మళ్ళీ మూడు. దీన్ని ఇక్కడ సెవెన్స్ అండ్ త్రీస్ అంటారు. నేను దర్జాగా బోర్డు మీద 7+3+3=13 అని రాసేశాను. రీల్ అనే రకం ఐరిష్ డ్యాన్సు పాట పెట్టి, దానితో లెక్కపెడితే 16 వచ్చింది. మళ్ళీ పెట్టినా అంతే. నేను తల గోక్కుంటుంటే వెనక నుంచి ఒక బుడతడు, "మీరు ఆగినవి లెక్కపెట్టలేదు" అన్నాడు. నిజమే కదా! ఏడడుగుల తర్వాత ఒక ఖాళీ ఉంది. ప్రతి మూడు తర్వాతా ఒక ఖాళీ ఉంది. 7+1 ఎనిమిది. 3+1, 3+1 కలిపినా ఎనిమిదే.

నువ్వు ఇక్కడే మొదలుపెట్టు. అడుగులకి కాలు, ఖాళీకి చప్పట్లు. అది కుదిరాక గళ్ళ కాగితం ఇచ్చి 16 గళ్ళలో అడుగు పడినవాటికి రంగు వేయించు. 8, 12, 16 తెల్లగా మిగులుతాయి. "మరి 4 ఏమైంది?" అని అడిగి ఊరుకో. జవాబు నువ్వు చెప్పకు, ఒక పీరియడ్ పోయినా పరవాలేదు. 2023లో వచ్చిన ఇక్కడి ప్రైమరీ మ్యాథ్స్ కరికులంలో ఆల్జీబ్రా చిన్న తరగతుల నుంచే ఉంది, ప్రిన్సిపల్ అడిగితే ఆ మాట చెప్పు.

లెక్క ఐరిష్‌లోనే పెట్టించు: అ హేన్, అ దో, అ త్రీ... ఆ త్రీ మన త్రికి చుట్టమే!

రికార్డింగులతో మొదలెట్టకు, ఆ స్పీడుకి పిల్లలు పరిగెడతారు. నోటితో పాడు. ఇక్కడివాళ్ళు లిల్టింగ్ అంటారు, మనవాళ్ళు జతులు చెప్పడం లాంటిదే. జిగ్ అనే ఇంకో రకం పాట 6/8, అంటే తకిట తకిట. రీల్ 4/4, తకధిమి తకధిమి. స్లిప్ జిగ్ 9/8 కాబట్టి తకిట మూడుసార్లు. పిల్లలకి జిగ్ అంటే "క్యారెట్స్ అండ్ క్యాబేజెస్", రీల్ అంటే "డబుల్ డెకర్". ప్రతి తకిట, ప్రతి తకధిమి మొదట్లో మాత్రమే కాలు తట్టమను, మూళ్ళూ నాలుగులూ వాళ్ళ చెవికే తెలుస్తాయి. మా కార్క్, కెర్రీ వైపు పోల్కాలనే రకం పాటలు ఎక్కువ. 2/4 కాబట్టి మరీ తేలిక.

ఇక పూర్తి డ్యాన్సు. నువ్వుండేది లిమరిక్‌లో, కాబట్టి వాల్స్ ఆఫ్ లిమరిక్ అనే గుంపు డ్యాన్సు తీసుకో. ఎనిమిదేసి బార్ల (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) నాలుగు ముక్కలు, మొత్తం 32. పాట కూడా అంతే, మొదటి భాగం రెండుసార్లు, రెండోది రెండుసార్లు. ఎరుపు, ఎరుపు, నీలం, నీలం కార్డులు నేల మీద పెడితే ఏ ముక్క ఏ రంగు మీద పడుతుందో వాళ్ళే చెబుతారు. ఒక జంటకి ఇంకో జంట ఎదురు, ఆట అయ్యాక దాటుకుని కొత్త జంట దగ్గరికి వెళ్ళాలి. ఆరు జంటలుంటే రౌండు విడిచి రౌండు రెండు చివరలా ఒక్కో జంట ఖాళీగా నిలబడుతుంది. "మూడో రౌండులో నీ ఎదురు ఎవరు?" అని ముందే కాగితం మీద రాయించు. అసలైన లెక్క అది. ఆడపిల్ల, మగపిల్లాడు అని జంటలు కట్టావా, సగం పీరియడ్ సిగ్గుతోనే పోతుంది. చేతికి ఎర్ర బ్యాండు, నీలం బ్యాండు చాలు.

1994లో యూరోవిజన్ పాటల పోటీలో రివర్‌డ్యాన్స్ అనే ఐరిష్ డ్యాన్సు ప్రదర్శన వచ్చినప్పటి నుంచి ఐరిష్ డ్యాన్స్ అంటే టకటకలాడే బూట్లే అనుకుంటారు తల్లిదండ్రులు. నీకు కావలసింది కేలీ డ్యాన్సు, అంటే అందరూ కలిసి సరదాగా ఆడే గుంపు డ్యాన్సు, మామూలు బూట్లతో అయిపోతుంది.

హాల్లో నేల మీద టేపుతో గళ్ళు వేస్తావేమో, కేర్‌టేకర్‌ని ముందే అడుగు. నేను అడగలేదు. సాయంత్రం దాకా మోకాళ్ళ మీద కూర్చుని నేనే పీకాను.

మీ పిన్ని